మ్యూజియంలోని రాయికి లింకు డాక్యుమెంట్లు: ఒక వస్తువు పూర్వాపరాలు వెతికే పద్ధతి

బెజవాడలో వంద గజాల స్థలం కొనాలన్నా ముందు లింకు డాక్యుమెంట్లు అడుగుతాం. ఈసీ తీయిస్తాం. ముప్పై ఏళ్లు వెనక్కి వెళ్లి ఎవరు ఎవరికి అమ్మారు, మధ్యలో గిఫ్ట్ డీడ్ ఉందా, పంపకాలు జరిగాయా, కోర్టులో ఏమైనా నడుస్తోందా అని లాయరు చేత చూపిస్తాం. ఒక్క లింకు దొరక్కపోయినా అడ్వాన్సు ఇవ్వడానికి చెయ్యి రాదు. అదే మనిషి బందరు రోడ్డులోని బాపు మ్యూజియానికి వెళ్లి ఒక విగ్రహం ముందు నిలబడితే, కింద చీటీలో ఉన్న రెండు లైన్లు చదివి పక్కకు జరుగుతాడు. ఏ శతాబ్దం, ఏ రాయి, ఏ ఊరు అన్నంత వరకే. ఆ ఊరి నుంచి ఇక్కడికి ఎలా వచ్చింది, ఎవరు ఇచ్చారు, ఇచ్చే హక్కు వాళ్లకు ఉందా అన్న ప్రశ్న తట్టదు.

ఈ ప్రశ్నలకు జవాబు వెతకడాన్ని ప్రొవెనెన్స్ రీసెర్చ్ అంటారు. నా నోటుపుస్తకంలో మాత్రం నేను పూర్వాపరాలు అనే రాసుకుంటాను. ఎమ్మే చదివే పిల్లలు, రిటైరైన టీచర్లు, ఊరి చరిత్ర రాయాలనుకునేవాళ్లు, ఎవరైనా మొదలుపెట్టొచ్చు. కృష్ణకు ఇటూ అటూ పుట్టినవాళ్లకు ఇందులో ఒక బలం ఉంది. మన ఊళ్ల పేర్లు, ఇంటిపేర్లు, దిబ్బల పేర్లు మనకు తెలుసు. పరాయి దేశంలో కూర్చుని కాగితాలు తిరగేసేవాళ్లకు అవి దొరకవు.

మొదట ఒకే ఒక్క వస్తువు

మ్యూజియం మొత్తం మీద పని పెట్టుకోవద్దు. ఒక్క వస్తువు ఎంచుకోండి. చీటీలో ఊరి పేరు ఉన్నదైతే మంచిది, నంబరు కూడా కనిపిస్తే ఇంకా మంచిది. విజయవాడలో బాపు మ్యూజియం, గుంటూరులో బౌద్ధశ్రీ మ్యూజియం, అమరావతిలో కేంద్ర పురావస్తు శాఖ అంటే ఏఎస్‌ఐ మ్యూజియం, కృష్ణ మధ్య దీవిలో నాగార్జునకొండ మ్యూజియం ఉన్నాయి. ఒక్క పూటలో వెళ్లి మళ్లీ మళ్లీ చూసి రాగలిగేదాన్ని తీసుకోండి. ఎందుకంటే ఈ పనిలో అదే రాయి దగ్గరికి కనీసం నాలుగైదు సార్లు వెళ్లాల్సి వస్తుంది.

వస్తువునే మొదటి కాగితంగా చదవండి

ఆఫీసు రికార్డు అడిగే ముందు వస్తువును చదవాలి. ఎత్తు, వెడల్పు, మందం కొలవనిస్తే కొలవండి. సెంటీమీటర్లతో పాటు అడుగులు, అంగుళాలలోనూ రాసుకోండి. పాత రిపోర్టులన్నీ అడుగుల్లోనే ఉంటాయి కాబట్టి తర్వాత పోల్చి చూసేటప్పుడు లెక్కలు వేసుకునే బాధ తప్పుతుంది. ఫోటోకు అనుమతి అడగండి. ముందువైపు మాత్రమే తీసి ఊరుకోవద్దు.

పక్కలు, అడుగు, వెనకవైపు అసలు కథ చెప్పేవి. రంగుతో రాసిన పాత నంబర్లు, ఒకదాని మీద ఒకటి అంటించిన చీటీల అంచులు, గోడలో బిగించినప్పుడు అంటుకున్న సిమెంటు, ఉలితో కోసిన కొత్త అంచు, మెట్టుగా వాడినప్పుడు పాదాలకు అరిగిన చోటు, వీటిని వెతకండి. బ్రిటిష్ మ్యూజియంలో 1880,0709.79 అనే నంబరున్న అమరావతి పలక ఉంది. ఒకవైపు క్రీ.శ. మూడో శతాబ్దపు స్తూపం బొమ్మ, రెండో వైపు అంతకు మూడు వందల ఏళ్ల ముందు చెక్కిన బోధివృక్ష పూజ. పాత పలకను తిరగేసి రెండోవైపు చెక్కి మళ్లీ వాడుకున్నారు. అంటే ఆ రాయి చేతులు మారడం తెల్లవాళ్లతో మొదలవలేదు, స్తూపం బతికుండగానే అది ఒకసారి మారిపోయింది. వెనకవైపు చూడకపోతే ఈ సంగతే తెలియదు.

విరిగిన చోటి గీతను జాగ్రత్తగా బొమ్మ గీసుకోండి. రాయి విరిగిన తీరు వేలిముద్ర లాంటిది. రెండు విగ్రహాల ముక్కు ఒకేలా చెక్కొచ్చు కానీ రెండూ ఒకే చోట, ఒకే వంపుతో విరగవు. రేపు పాత ఫోటో దొరికినప్పుడు ఇదే ఆ రాయి అని చెప్పగలిగేది ఆ గీతే.

రాయి ఏదో కూడా తెలుసుకోండి. అమరావతి, జగ్గయ్యపేట, నాగార్జునకొండ శిల్పాలకు వాడింది పల్నాటి సున్నపురాయి. ఇంగ్లీషు రికార్డుల్లో దాన్ని మార్బుల్ అని రాశారు. మార్బుల్ అని కనిపించగానే ఇది వేరే వస్తువేమో అని వదిలేయకండి.

నంబరు పట్టుకుని రిజిస్టరు దాకా

ప్రతి మ్యూజియంలోనూ అక్సెషన్ రిజిస్టరు ఉంటుంది. వస్తువు లోపలికి వచ్చిన రోజున వరుస నంబరు వేసి ఎక్కించే పుస్తకం అది. అందులో మీకు కావలసింది ఒక్క కాలమ్, ఎలా వచ్చిందన్నది. దానంగా వచ్చిందా, కొన్నారా, తవ్వకంలో దొరికిందా, ట్రెజర్ ట్రోవ్ కింద, అంటే భూమిలో దొరికిన నిధిగా, కలెక్టరు పంపారా, వేరే మ్యూజియం నుంచి బదిలీ అయిందా, పోలీసులు పట్టుకుంటే కోర్టు అప్పగించిందా. జవాబును బట్టి మీ దారి మారుతుంది. దానమైతే దాత రాసిన ఉత్తరం, కొనుగోలైతే బిల్లు, కమిటీ తీర్మానం, ట్రెజర్ ట్రోవ్ అయితే తహశీల్దారు ఆఫీసు పంచనామా, తవ్వకమైతే ఆ సంవత్సరపు రిపోర్టు వెతకాలి.

మ్యూజియం అధికారికి తెలుగులోనే ఒక పేజీ ఉత్తరం రాయండి. మీరెవరు, ఏ వస్తువు, ఏ నంబరు, ఏం కావాలి. ఫలానా నంబరు వస్తువుకు సంబంధించిన అక్సెషన్ రిజిస్టరు ఎంట్రీ నకలు అని కచ్చితంగా అడగండి. ఈ విగ్రహం ఎవరిది, ఎందుకు తెచ్చారు అని అడిగితే ఎదుటివాళ్లకు టెన్షన్ వస్తుంది, ఫైలు కదలదు. నేను మొదటిసారి ఒక మ్యూజియంలో ఇలాగే అడిగాను. మూడు నెలలు తిప్పారు. రెండోసారి ఒక నంబరు, ఒక నకలు అని రాసి ఇస్తే వారంలో పని అయింది.

ఆర్టీఐ ఉంది కదా అని మొదటి రోజే దాన్ని తీయకండి. మామూలుగా అడిగి, కొన్ని వారాలు చూసి, ఉలుకూ పలుకూ లేకపోతే అప్పుడు 2005 చట్టం కింద దరఖాస్తు పెట్టండి. ప్రభుత్వ మ్యూజియం 30 రోజుల్లో జవాబివ్వాలి. అక్కడ కూడా అదే సూత్రం, అభిప్రాయం అడగొద్దు, కాగితం అడగండి.

నంబర్లలో ఒక వల ఉంటుంది. పైన చెప్పిన 1880,0709 చూడండి. అది 1880 జులై 9, ఆ మ్యూజియం తన పుస్తకంలో ఎక్కించుకున్న తేదీ. రాయి అమరావతి వదిలింది మాత్రం దానికి దశాబ్దాల ముందే. నంబరులో ఉన్న సంవత్సరం రాయి ప్రయాణంలో చివరి మజిలీ మాత్రమే. కొత్తగా ఈ పని మొదలుపెట్టినవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

ఊరి పేరును విప్పండి

రిజిస్టరులో ఊరి పేరు దొరికింది కదా అని పని అయినట్టు కాదు. అది ఏ ఊరు? బాపు మ్యూజియంలో నిలువెత్తు అల్లూరు బుద్ధుడున్నాడు. అల్లూరంటే నందిగామ వైపుదా, నెల్లూరు జిల్లాదా? తెలిసినవాళ్లకు సందేహం రాదు, చీటీ మాత్రమే చదివినవాళ్లకు వస్తుంది.

జిల్లాల పేర్లు ఇంకా తిప్పలు పెడతాయి. 1859లో గుంటూరు జిల్లాను రద్దు చేసి ఎక్కువ భాగాన్ని కృష్ణా జిల్లాలో కలిపారు. మళ్లీ 1904లో గుంటూరు జిల్లా ఏర్పడింది. 2022 ఏప్రిల్‌లో పల్నాడు జిల్లా వచ్చింది, అమరావతి మండలం అందులోకి వెళ్లింది. అంటే అమరావతి స్తూపం ఉన్న ఒకే దిబ్బ 1845 కాగితంలో గుంటూరులో, 1882 కాగితంలో కృష్ణాలో, 1950 కాగితంలో గుంటూరులో, ఇవాళ్టి కాగితంలో పల్నాడులో ఉంటుంది. పురావస్తు అధికారి బర్జెస్ 1887లో అచ్చువేసిన అమరావతి, జగ్గయ్యపేట రిపోర్టు పేరులోనే కృష్ణా జిల్లా అని ఉంది. ఈ లెక్క తెలియకుండా గుంటూరు జిల్లా రికార్డుల్లో మాత్రమే వెతికితే 45 ఏళ్ల కాగితాలు చేజారిపోతాయి.

ఇక స్పెల్లింగులు. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు మెకంజీ రాసిన వ్యాసం ఒకటి 1823లో అచ్చయింది. దాని పేరులో మూడు చోట్లున్నాయి: అమ్రవుట్టి, దిపాల్దిన, దుర్నకోట. ఇంగ్లీషు అక్షరాల్లో చూస్తే ఏదో విదేశం పేర్లలా ఉంటాయి. గొంతెత్తి చదవండి. అమరావతి, దీపాలదిన్నె, ధరణికోట. దీపాలదిన్నె అంటే ఆ స్తూపం దిబ్బకు ఊరివాళ్లు పెట్టుకున్న పేరు. తెలుగు చెవికి క్షణంలో దొరికేది, తెలియనివాళ్లు ఏళ్లు వెతుక్కోవాలి. అందుకే ఒక పేజీ కేటాయించి మీ ఊరి పేరు ఎన్ని రకాలుగా రాయడానికి వీలుందో అన్నీ రాసుకోండి. బెజవాడ, విజయవాడ, బెజ్‌వారా. బందరు, మచిలీపట్నం, మసులిపటం. కంప్యూటర్‌లో వెతికేటప్పుడు ఆ జాబితా మొత్తం ఒక్కొక్కటిగా కొట్టాలి.

అమరావతి పలకతో ఒకసారి చేసి చూద్దాం

పద్ధతి చెప్పడం కంటే చేసి చూపడం తేలిక. లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న 120 పైచిలుకు అమరావతి శిల్పాల్లో ఒక పలకను మనసులో పెట్టుకుని వెనక నుంచి ముందుకు లింకులు కడదాం.

ధాన్యకటకంలో, అంటే పాత అమరావతి, ధరణికోటలలో, బౌద్ధం ఎప్పటిదాకా బతికుంది? శ్రీలంకలోని గడలదెణియ శాసనం 1344 నాటిది. ధాన్యకటకంలో ఒక బౌద్ధ ఆలయాన్ని బాగుచేయించిన మాట అందులో ఉంది. ఆ తర్వాత నాలుగు వందల యాభై ఏళ్లు మన గొలుసులో ఖాళీ. ఖాళీని ఖాళీగానే ఉంచుదాం.

పద్దెనిమిదో శతాబ్దం చివర్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు చింతపల్లి వదిలి అమరావతిని రాజధానిగా కట్టుకున్నారు. కట్టడాలకు రాళ్లు కావలసి వచ్చి దీపాలదిన్నె తవ్వారు. చెక్కిన పలకలు బయటపడ్డాయి. కొన్ని కట్టడాల్లోకీ, మెట్లలోకీ పోయాయి. సంగతి విని 1790ల చివర్లో కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. మళ్లీ 1816 నుంచి తన మనుషులతో కొలతలు తీయించి బొమ్మలు గీయించాడు. ఆ బొమ్మలు ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. మన లింకుల్లో ఇది బంగారం లాంటి కాగితం. పలక మీద ఏ పద్మం ఎక్కడుంది, ఏ మూల విరిగింది అన్నది మెకంజీ బొమ్మతో కలిస్తే, అది ఆ బొమ్మ గీసే నాటికి నేల పైనే ఉందని తేలినట్టు. బొమ్మలో ఉండి ఇవాళ ఎక్కడా లేని పలకలూ ఉన్నాయి. ఆ మధ్య కాలంలో సున్నపు బట్టీల పాలైనవి ఎన్నో.

అప్పుడు తీసిన రాళ్లలో కొన్ని కలకత్తా వెళ్లాయి, కొన్ని బందరు చేరాయి. బందరులో రాబర్ట్‌సన్ అనే ఇంగ్లీషు అధికారి వాటిని బజారు కూడలిలో అలంకారంగా నిలబెట్టించాడు. దాన్ని రాబర్ట్‌సన్ దిబ్బ అనేవాళ్లు. అక్కడి నుంచి అవి తర్వాత మద్రాసు చేరాయి. కాబట్టి అమరావతి పలక అంటే నేరుగా అమరావతి నుంచే మద్రాసుకు వెళ్లిందని అనుకోవద్దు, మధ్యలో బందరు మజిలీ ఉందేమో చూడాలి.

1845లో గుంటూరు కమిషనరుగా ఉన్న వాల్టర్ ఎలియట్ మళ్లీ తవ్వించి చాలా శిల్పాలను మద్రాసు పంపాడు. అందుకే వాటికి ఎలియట్ మార్బుల్స్ అన్న పేరు స్థిరపడింది. అక్కడ కొన్నేళ్లు ఎండకూ వానకూ ఆరుబయట ఉన్నాయి. ఈ దశకు రెండు మంచి కాగితాలున్నాయి. ఒకటి, విలియం టేలర్ అనే పాదిరీ 1856లో ఒక్కో రాయినీ చూసి రాసిన నివేదిక. రెండు, లినియస్ ట్రైప్ 1858లో మద్రాసులో తీసిన ఫోటోలు. ఆ తర్వాత ఏడాదే, 1859లో, రాళ్లు ఓడెక్కాయి. ఓడ ఎక్కకముందు ఏ అంచు ఎలా ఉందో ట్రైప్ ఫోటోల్లో చూడొచ్చు.

లండన్‌లో వాటికి చోటు దొరకలేదు. గోదాముల్లో పడి ఉన్నవాటిని కట్టడాల చరిత్రకారుడు ఫెర్గుసన్ 1860లలో మళ్లీ వెలికి తీయించి, 1868లో పుస్తకంగా అచ్చువేశాడు. లండన్‌లో ఈస్టిండియా కంపెనీ పెట్టిన ఇండియా మ్యూజియం మూతపడ్డాక 1880లో బ్రిటిష్ మ్యూజియానికి బదిలీ అయ్యాయి. మన పలక నంబరు అక్కడ పుట్టింది.

ఇప్పుడు ఈ గొలుసును స్థలం కాగితాలు చూసే కంటితో చూడండి. రాయి ఎక్కడెక్కడ ఉందో ప్రతి మజిలీలో కాగితం దొరికింది. కానీ ఎవరిది అన్నదానికి? ఎలియట్ కొన్నాడా? దిబ్బ ఉన్న భూమి ఎవరి కింద ఉంది? ఊరివాళ్లను ఎవరైనా అడిగారా? ఒక ప్రభుత్వ అధికారి తవ్వించాడు, ప్రభుత్వం తరలించింది, ప్రభుత్వమే ఓడెక్కించింది. అమ్మకం కాగితం ఏ దశలోనూ లేదు. స్వాధీనం మారడం వేరు, హక్కు మారడం వేరు. మన తహశీల్దారు ఆఫీసుల చుట్టూ తిరిగిన ఏ రైతుకైనా ఈ తేడా చెప్పనక్కర్లేదు. మీ నోటుపుస్తకంలో ఈ రెండింటికీ రెండు వేర్వేరు కాలమ్‌లు గీసుకోండి. నా దృష్టిలో ఈ మొత్తం పనిలో అన్నిటికంటే ముఖ్యమైన గీత అది.

చెన్నై మ్యూజియంలోని అమరావతి రాళ్లకు దారి కొంచెం వేరు. అవి చాలావరకు 1877లో రాబర్ట్ సీవెల్, 1881–82లో బర్జెస్, ఆ తర్వాత అలెగ్జాండర్ రీ చేసిన తవ్వకాలవి. ఆ రిపోర్టుల నుంచి మొదలుపెట్టాలి. మన బాపు మ్యూజియం భవనానికి 1887లో శంకుస్థాపన చేసింది కూడా ఈ సీవెలే, అప్పట్లో కృష్ణా కలెక్టరు.

కాగితాలు ఎక్కడెక్కడ

మన జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి కాబట్టి పాత ఉత్తర ప్రత్యుత్తరాలకు మొదటి చోటు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్. రెవెన్యూ బోర్డు, పబ్లిక్ డిపార్ట్‌మెంట్ ఫైళ్లలో కలెక్టర్లు రాసిన ఉత్తరాలు ఉంటాయి. 1953 తర్వాతివీ, 1956 తర్వాతివీ కర్నూలు, హైదరాబాద్ మీదుగా నడిచినవి. 2014 తర్వాత ఏ ఫైలు హైదరాబాద్‌లో ఉండిపోయింది, ఏది ఇటు వచ్చింది అన్నది మన రాష్ట్ర పురావస్తు శాఖను అడిగి బయలుదేరండి. బస్సు చార్జీలూ, రెండు రోజుల సెలవూ మిగులుతాయి.

ఊరి స్థాయిలో కైఫీయతులు చదవాలి. మెకంజీ దగ్గర పనిచేసిన కావలి సోదరులు, వాళ్ల మనుషులు ఊరూరా తిరిగి కరణాల దగ్గర, పెద్దల దగ్గర రాయించుకున్నవి. గుడి ఎవరు కట్టారు, మాన్యం ఎవరు ఇచ్చారు, విగ్రహం ఎక్కడి నుంచి వచ్చింది అన్న సంగతులు వాటిలో దొరుకుతాయి. కొంత పుక్కిటి పురాణం ఉంటుంది, అయినా ఊరు తన గురించి తాను ఏం నమ్మిందో తెలుస్తుంది.

శాసనం ఉన్న రాయి అయితే మీ అదృష్టం. 1887 నుంచి శాసన శాఖ వార్షిక నివేదికలు ఉన్నాయి. ఫలానా ఊరు, చెరువు గట్టున పడి ఉన్న పలక, ఫలానావారి దొడ్లో స్తంభం అని నివేదికలో ఉంటుంది. ఆ సంవత్సరానికి ఆ రాయి ఇంకా ఊళ్లోనే ఉందనడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం లేదు.

పాత పత్రికలను మరిచిపోకండి. 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనంలో పాత తెలుగు పత్రికలు జాగ్రత్త చేశారు. గుంటూరులో అన్నమయ్య గ్రంథాలయం ఉంది. ఆంధ్రపత్రికలో ఫలానా ఊళ్లో బావి తవ్వుతుంటే విగ్రహం దొరికిందన్న నాలుగు లైన్ల వార్త ఒక్కోసారి మొత్తం ముడి విప్పేస్తుంది. తేదీ ఉంటుంది, ఊరు ఉంటుంది, ఎవరికి అప్పగించారో కూడా ఉంటుంది. అక్కడి లైబ్రేరియన్లతో కూర్చుని టీ తాగి మాట్లాడండి. ఏ బీరువాలో ఏముందో వాళ్లకు తెలిసినంత ఏ కేటలాగులోనూ ఉండదు.

ఊళ్లో అడగడం

ఊరికి వెళ్లేటప్పుడు ఫోటో ప్రింటు తీసుకెళ్లండి, ఫోన్‌లో చూపిస్తే పెద్దవాళ్లకు సరిగా ఆనదు. మొదట గుడి పూజారి గారినీ, రచ్చబండ దగ్గర కూర్చునే తాతయ్యలనూ కలవండి. వస్తువు విలువ ఎంత అన్న మాట ఎత్తవద్దు, ఎవరైనా ఎత్తినా పక్కకు తప్పించండి. విలువ అనగానే ఊరి మాట మారిపోతుంది.

బాబాయ్, మీ చిన్నప్పుడు ఇది ఎక్కడుండేది అని అడగండి. ఎప్పుడు తీసుకెళ్లారంటే సంవత్సరం చెప్పలేకపోవచ్చు. దివిసీమ ఉప్పెనకు ముందా తర్వాతా, సాగర్ కాలువ వచ్చాకా, మీ పెళ్లి నాటికి ఉందా అని అడిగితే కాలం దొరుకుతుంది. ఉప్పెన అంటే 1977 అని మీకు తెలుసు కదా. ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ రాయండి. చెప్పిన రోజు, చెప్పినవారి వయసు రాయండి. పేరు బయట పెట్టడానికి వాళ్ల అనుమతి తీసుకోండి.

ఫోటో చేసే మేలు

తమిళనాడులోని శ్రీపురంతాన్ నటరాజును ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ 2008లో 50 లక్షల అమెరికన్ డాలర్లకు కొంది. అమ్మినవాడు లింకు డాక్యుమెంట్లన్నీ ఇచ్చాడు, అవన్నీ దొంగవి. పుదుచ్చేరిలోని ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 1994లో గుడిలో తీసిన ఒక్క ఫోటో ఆ కాగితాలన్నిటినీ కూల్చేసింది. 2014లో నటరాజు తిరిగి వచ్చాడు.

మనకు ఇంకా దగ్గరిది ప్రకాశం జిల్లా చందవరం. అక్కడి బౌద్ధ స్తూపానికి చెందిన, బుద్ధుణ్ణి పూజిస్తున్న భక్తుల శిల్పాన్ని అదే గ్యాలరీ 2005లో న్యూయార్క్ వ్యాపారి దగ్గర కొంది. అది భారతదేశంలో ఉండగా తీసిన ఫోటో బయటపడింది. 2016లో శిల్పాన్ని తిరిగి అప్పగించారు.

అందుకే పాత ఫోటో వెతకడంతో పాటు కొత్త ఫోటో తీయడం కూడా ఈ పనిలో భాగమే అంటాను. మీ ఊరి గుడి మంటపంలో, చెరువు గట్టున, పొలం గట్టున నిలబడ్డ ప్రతి వీరగల్లుకూ, నాగశిలకూ నాలుగు వైపులా ఫోటో తీసి, పక్కన స్కేలు పెట్టి, తేదీ రాసి దాచండి. కొలతలు, రాయి రకం, ప్రత్యేక గుర్తులు, దెబ్బతిన్న చోట్లు రాయండి. ఆబ్జెక్ట్ ఐడీ అని 1997 నుంచి ప్రపంచమంతా వాడే పద్ధతి ఇదే. అయితే ఆ ఫోటోలను గుడి పేరూ, దారీ తెలిసేలా ఇంటర్నెట్‌లో పెట్టకండి. దొంగలు కూడా చూస్తారు.

తేదీలతో తూచడం

గొలుసు ఒక రూపానికి వచ్చాక దాని మీద చట్టాల తేదీలు పెట్టి చూడండి. 1878 ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం భూమిలో దొరికిన, పది రూపాయల కంటే ఎక్కువ విలువున్న నిధిని కలెక్టరుకు తెలియజేయాలి. 1947లో పురావస్తువుల ఎగుమతి మీద మొదటి అదుపు వచ్చింది. 1972 పురావస్తువుల చట్టం 1976 ఏప్రిల్ 5 నుంచి అమల్లోకి వచ్చింది. నూరేళ్లు దాటిన శిల్పాలు, 75 ఏళ్లు దాటిన రాతప్రతులు దీని కిందికి వస్తాయి. రాతి, లోహ, కొయ్య శిల్పాల వంటివి ఇంట్లో ఉన్నా రిజిస్టర్ చేయించాలి, ప్రైవేటు మనిషి దేశం దాటించకూడదు. సాంస్కృతిక సంపద అక్రమ రవాణా మీద యునెస్కో ఒప్పందం 1970 నాటిది, భారతదేశం 1977లో చేరింది.

కాబట్టి విదేశీ మ్యూజియంలో ఉన్న ఆంధ్ర శిల్పం చరిత్ర యూరప్‌లో ఒక పాత సేకరణ, 1969 అని మొదలైతే ఆగండి. పేరు లేని ఆ సేకర్త ఎవరు? 1969 అన్నదానికి ఆనాటి కాగితం ఉందా, లేక అమ్మేటప్పుడు రాసిచ్చిన మాట మాత్రమేనా? 1970కి, 1972కి సరిగ్గా ముందు వచ్చి కూర్చునే తేదీలను రెండుసార్లు చూడాలి. దొంగ డాక్యుమెంటు ఎప్పుడూ కటాఫ్ తేదీకి ముందే పుడుతుంది, మన రిజిస్ట్రార్ ఆఫీసుల దగ్గర చూడట్లేదా?

రాసే పద్ధతి

దొరికినదాన్ని పాతదాని నుంచి కొత్తదానికి వరుసగా రాయండి. ప్రపంచంలో చాలా మ్యూజియంలు పాటించే చిన్న నియమం ఒకటుంది. వస్తువు ఒకరి నుంచి నేరుగా మరొకరికి వెళ్లిందని ఖాయమైతే మధ్యలో సెమికోలన్, మధ్యలో ఏం జరిగిందో తెలియకపోతే ఫుల్‌స్టాప్. ఎలియట్ తవ్వించిన ఒక పలకకు ఇలా ఉంటుంది:

ధాన్యకటక మహాస్తూపం. అమరావతి, దీపాలదిన్నె, 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వకం; మద్రాసు, ప్రభుత్వ స్వాధీనం; లండన్, ఇండియా మ్యూజియం, 1859లో మద్రాసు నుంచి ఓడ మీద; బ్రిటిష్ మ్యూజియం, 1880లో బదిలీ.

మొదటి ఫుల్‌స్టాప్ దగ్గర వందల ఏళ్లున్నాయి. ప్రతి ముక్కకూ పక్కన ఆధారం రాయండి, ఏ ఫైలు, ఏ పేజీ, ఏ తేదీన చూశారు. ఊహ అయితే కావచ్చు అని రాయండి. ఖాళీని అందమైన వాక్యంతో పూడ్చాలన్న కోరిక ప్రతి ఒక్కరికీ కలుగుతుంది, నాకూ కలిగింది. పూడ్చిన ఖాళీని రేపు ఇంకొకరు నిజమనుకుని తమ వ్యాసంలో రాస్తారు, అక్కడి నుంచి అది మ్యూజియం చీటీ మీదికి ఎక్కుతుంది. దాన్ని మళ్లీ దింపడం ఎవరి తరమూ కాదు.

తేడా కనిపిస్తే

ఊరి గుడిలో ఉన్నట్టు ఫోటో ఉంది, వస్తువు ఎక్కడో అమ్మకానికి కనిపించింది అనుకోండి. ముందు ఆ పేజీ స్క్రీన్‌షాట్లు తీసి తేదీతో దాచండి, గంటల్లో మాయమవుతుంది. ఇంటర్‌పోల్ వాళ్ల ఐడీ ఆర్ట్ యాప్‌లో దొంగతనాల జాబితా వెతకండి. తర్వాత గుడి ఈవో గారికీ, రాష్ట్ర పురావస్తు శాఖకూ, ఏఎస్‌ఐకీ రాతపూర్వకంగా పంపండి. దొంగతనం మీద ఎఫ్ఐఆర్ ఉందో లేదో స్టేషన్‌లో కనుక్కోండి, లేకపోతే గుడి తరఫున పెట్టించండి. ఎఫ్ఐఆర్ లేకుండా తిరిగి అడగడం కష్టం. అమ్మేవాడితో మీరే మాట్లాడవద్దు, ఫేస్‌బుక్‌లో పేర్లు పెట్టి రాయవద్దు.

తేడా ఏమీ లేకపోతే, ఎక్కువసార్లు ఉండదు కూడా, మీ రెండు పేజీలను మూడు కాపీలు తీయండి. ఒకటి మ్యూజియం అధికారికి ఇచ్చి ఆ వస్తువు ఫైల్లో పెట్టమని అడగండి. ఒకటి మీ దగ్గర. మూడోది ఆ రాయి బయలుదేరిన ఊరి గ్రంథాలయానికో, హైస్కూలుకో వెళ్లి ఇచ్చి రండి, రాయి ఫోటోతో సహా.